పవర్ యాంప్లిఫైయర్ కొనేముందు: వాట్లు కాదు, మాట వినబడాలి

చెన్నైలో మన తెలుగువారి ఇళ్లలో పెద్ద టీవీ, దాని చుట్టూ ఐదో ఏడో స్పీకర్లు ఇప్పుడు అరుదు కాదు. పిల్లలు ఉద్యోగాల్లో స్థిరపడ్డాక అమ్మానాన్నలకు కొనిపెట్టే వస్తువుల్లో హోమ్ థియేటర్ కూడా చేరింది. దాంతోపాటే ఒక ప్రశ్న కూడా వస్తోంది. "ఉన్న రిసీవర్ చాలదట, విడిగా మల్టీచానల్ పవర్ యాంప్లిఫైయర్ పెట్టాలట. నిజమేనా?" అని సంఘం సభ్యులు చాలామంది అడుగుతున్నారు. మంచిది కొనాలంటే లక్ష రూపాయలు దాటే వస్తువు. పెన్షన్ డబ్బుతోనో, పిల్లలు పంపిన డబ్బుతోనో కొనేటప్పుడు నాలుగు విషయాలు తెలుసుకుని కొనడం మంచిది.

నేను ఇంజనీరును కాను. గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకున్నదల్లా కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుని, చిన్న అక్షరాలతో సహా చదివే అలవాటు. ఆ అలవాటుతోనే ఈ వ్యాసం రాస్తున్నాను.

అసలు ఇది చేసే పని ఏమిటి?

మన ఇళ్లలో ఉండే ఏ.వి. రిసీవర్ మూడు పనులు చేస్తుంది. సెట్ టాప్ బాక్సు, డిస్క్ ప్లేయర్, టీవీ యాప్‌ల నుంచి వచ్చే శబ్దాన్ని తీసుకోవడం ఒకటి. డాల్బీ, డి.టి.ఎస్. లాంటి పద్ధతుల్లో ఉన్న ఆ శబ్దాన్ని విడదీసి ఏ స్పీకరుకు ఏది వెళ్లాలో పంచడం రెండు. అలా పంచిన బలహీనమైన సంకేతాన్ని స్పీకరును కదిలించేంత బలంగా పెంచడం మూడు.

పవర్ యాంప్లిఫైయర్ ఈ మూడో పని ఒక్కటే చేస్తుంది. సాధారణంగా దానికి హెచ్.డి.ఎం.ఐ. సాకెట్టు ఉండదు, రిమోట్ ఉండదు, వాల్యూమ్ బటన్ కూడా ఉండదు. కాబట్టి రిసీవర్ తీసేసి దీన్ని పెట్టడం కుదరదు. రిసీవర్ వెనుక "ప్రీ అవుట్" అని రాసి ఉన్న సాకెట్ల నుంచి వైర్లు తీసి దీనికి కలపాలి. స్పీకర్ వైర్లు దీని నుంచి వెళ్తాయి.

అందుకని ముందు చేయవలసింది మీ రిసీవర్ వెనుక చూడడం. తక్కువ ధర రిసీవర్లలో చాలావాటికి సబ్‌వూఫర్ ప్రీ అవుట్ తప్ప మిగతా చానళ్లకు ప్రీ అవుట్ ఉండదు. సౌండ్‌బార్‌కు, ఒకే డబ్బాలో వచ్చే రెడీమేడ్ హోమ్ థియేటర్ సెట్లకు కూడా మామూలుగా ఉండదు. అలాంటప్పుడు పవర్ యాంప్లిఫైయర్ కొంటే అది షోకేసులో కూర్చుంటుంది, అంతే.

ఎన్ని చానళ్లు కావాలి?

5.1, 7.1, 5.1.2, 7.1.4 అనే అంకెలు చూసి కంగారుపడనక్కర్లేదు. మొదటి అంకె మన చెవి ఎత్తున చుట్టూ పెట్టే స్పీకర్లు. రెండోది సబ్‌వూఫర్. మూడోది ఉంటే పైకప్పు వైపు స్పీకర్లు, అంటే డాల్బీ అట్మాస్ కోసం పెట్టేవి. సబ్‌వూఫర్లలో ఎక్కువభాగం సొంత యాంప్లిఫైయర్‌తోనే వస్తాయి కాబట్టి దాన్ని లెక్కలో వేసుకోనక్కర్లేదు. మొదటి అంకె, మూడో అంకె కలిపితే కావలసిన చానళ్లు వస్తాయి. 5.1కు ఐదు, 5.1.2కు ఏడు, 7.1.4కు పదకొండు.

అన్ని చానళ్లకూ బయటి యాంప్లిఫైయర్ అవసరమా అంటే, చాలా ఇళ్లలో లేదు. ఎందుకో తెలియాలంటే మనం చూసే సినిమాల సంగతి కొంచెం చెప్పుకోవాలి.

పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957) ఈ ఊళ్లోనే తయారైన సినిమాలు. ఆ కాలపు తెలుగు సినిమాలలాగే వీటి శబ్దం కూడా మోనో. మాటలు, పాటలు, రీరికార్డింగు అన్నీ ఒకే ట్రాకులో ఉంటాయి. తెలుగులో ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దం 1986లో కృష్ణగారి సింహాసనంతో, 70 ఎం.ఎం.తో పాటే వచ్చింది. మాయాబజార్‌కు రంగులద్ది 2010లో మళ్లీ విడుదల చేసినప్పుడు శబ్దాన్ని కూడా డి.టి.ఎస్.కు మార్చారు. కానీ టీవీలోనో యూట్యూబులోనో మనం చూసే పాత సినిమాల్లో ఎక్కువభాగం ఇప్పటికీ ఆ ఒక్క ట్రాకుతోనే వస్తాయి.

ఇలాంటి మోనో శబ్దాన్ని రిసీవర్‌లో డాల్బీ సరౌండ్ మోడ్‌లో పెడితే అది దాదాపు పూర్తిగా మధ్య స్పీకరులోకి, అంటే సెంటర్ చానల్‌లోకి వెళ్తుంది. ఎడమ కుడి స్పీకర్లు, వెనుక స్పీకర్లు ఇంచుమించు మౌనంగా ఉంటాయి. కొత్త సినిమాల్లో కూడా సంభాషణల్లో ఎక్కువభాగం సెంటర్‌లోనే ఉంటుంది. వెనుక స్పీకర్లకు వర్షం, జనం గోల, బాణాల రివ్వు లాంటివి వెళ్తాయి. వాటికి నిలకడగా పెద్ద బలం అవసరం తక్కువ.

కాబట్టి ఖర్చు పెట్టవలసిన చోటు ముందున్న మూడు స్పీకర్లు, ముఖ్యంగా మధ్యది. మూడు చానళ్ల పవర్ యాంప్లిఫైయర్ కొని ముందు మూడింటికి ఇచ్చి, వెనుకవి రిసీవర్‌కే వదిలేయడం ఎంతోమందికి సరిపోతుంది. మూడు పెద్ద స్పీకర్ల భారం తగ్గడంతో రిసీవర్ కూడా మిగతావాటిని తేలిగ్గా నడుపుతుంది. గది పెద్దదై, అన్ని స్పీకర్లూ పెద్దవైతేనే ఐదు లేదా ఏడు చానళ్లది ఆలోచించండి.

వాట్ల లెక్క

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు. 100 వాట్ల కంటే 200 వాట్లు రెట్టింపు గట్టిగా వినిపిస్తుందనుకుంటాం. అలా కాదు. వాట్లు రెట్టింపైతే శబ్దం 3 డెసిబెల్సే పెరుగుతుంది. చెవికి అది "కొంచెం పెరిగినట్టుంది" అనిపించే తేడా. చెవికి రెట్టింపుగా తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. దానికి పదిరెట్ల వాట్లు కావాలి.

అసలు ఎంత కావాలో ఇంట్లోనే లెక్క వేసుకోవచ్చు. స్పీకర్ వివరాల్లో సెన్సిటివిటీ అని ఒక అంకె ఉంటుంది. 88 డెసిబెల్స్ అని ఉందనుకుందాం. ఒక వాట్ ఇస్తే ఒక మీటరు దూరంలో అంత వినిపిస్తుందని అర్థం. మనం సోఫాలో మూడు మీటర్లు, అంటే పదడుగుల దూరంలో కూర్చుంటే సుమారు 9.5 డెసిబెల్స్ తగ్గి 78.5 అవుతుంది. నాలుగు గోడల గదిలో ఇంకాస్త తక్కువే తగ్గుతుంది కానీ, జాగ్రత్త కోసం ఇదే లెక్క పెట్టుకుందాం.

ఇప్పుడు ఇంట్లో బాగా గట్టిగా సినిమా చూసేటప్పుడు పిడుగు పడిన క్షణంలో సుమారు 94 డెసిబెల్స్ కావాలనుకుందాం. దానికి 35 వాట్లు చాలు. 98.5 కావాలంటే 100 వాట్లు. సినిమా హాలు ప్రమాణం ప్రకారం ఒక్కో చానల్ 105 డెసిబెల్స్ శిఖరాన్ని అందుకోవాలి. దానికి ఇదే స్పీకరుతో దాదాపు 450 వాట్లు కావాలి. అదే స్పీకర్ సెన్సిటివిటీ 92 ఉంటే 180 వాట్లతో సరిపోతుంది. అంటే నాలుగు డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకరు కొంటే యాంప్లిఫైయర్ బలం రెండున్నర రెట్లు పెంచినట్టే. రెండింటిలో ఏది చవకో చూసుకోండి.

పన్నెండు అడుగుల గదిలో, మన ఫ్లాట్లలో, సినిమా హాలు ప్రమాణంలో వినేవాళ్లు చాలా తక్కువ. కాబట్టి నిజంగా పలికే 100 వాట్లు మామూలు ఇంటికి ధారాళం. "నిజంగా" అన్న మాట దగ్గరే చిక్కు ఉంది.

కొటేషన్‌లో అడగవలసిన ప్రశ్నలు

మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌కు వెళ్లినా, పెద్ద ఆడియో షోరూముకు వెళ్లినా ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి.

మొదటిది: ఈ వాట్లు ఎన్ని చానళ్లు ఒకేసారి నడుస్తున్నప్పటివి? చాలా రిసీవర్లకు "చానల్‌కు 100 వాట్లు" అని రాస్తారు, పక్కన చిన్న అక్షరాల్లో "రెండు చానళ్లు నడిచినప్పుడు" అని ఉంటుంది. ఐదూ ఏడూ కలిసి నడిస్తే ఆ అంకె బాగా పడిపోతుంది. విడి పవర్ యాంప్లిఫైయర్ గొప్పతనమంతా "అన్ని చానళ్లూ నడుస్తున్నప్పుడు" అని రాయగలగడంలోనే ఉంది. అది రాయలేని యాంప్లిఫైయర్‌కు అంత డబ్బు పోయడం దండగ.

రెండోది: ఎంత వక్రీకరణ దగ్గర కొలిచారు? 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ వరకు, 0.1 శాతం లోపు వక్రీకరణతో ఇచ్చిన అంకె నమ్మదగినది. ఒక్క 1,000 హెర్ట్జ్ దగ్గర, 10 శాతం వక్రీకరణతో కొలిచిన అంకె పెద్దగా కనిపిస్తుంది, కానీ ఆ స్థితిలో శబ్దం చిట్లిపోయి ఉంటుంది. ఇక డబ్బా మీద "పి.ఎం.పి.ఓ. 5000 వాట్స్" అని ఉంటే ఆ అంకెను వదిలేయండి. దానికి ఒప్పుకున్న కొలత పద్ధతి ఏదీ లేదు.

మూడోది: ఎన్ని ఓమ్‌ల దగ్గర? 8 ఓమ్‌ల అంకెను 8 ఓమ్‌ల అంకెతోనే పోల్చాలి. మీ స్పీకర్లు 4 ఓమ్‌లవైతే, యాంప్లిఫైయర్‌కు 4 ఓమ్‌ల అంకె కూడా రాసి ఉందా అని చూడండి. లేకపోతే అది ఆ స్పీకర్లతో వేడెక్కి ఆగిపోవచ్చు.

నాలుగోది: గెయిన్ ఎంత? 29 డెసిబెల్స్ అంటే ఇన్‌పుట్‌ను 28 రెట్లు పెంచుతుంది. రిసీవర్ ప్రీ అవుట్ నుంచి ఒక వోల్ట్ వస్తే 28 వోల్టులవుతుంది, 8 ఓమ్‌ల స్పీకరులో అది 100 వాట్లు. గెయిన్ ఇంతకంటే బాగా తక్కువైతే రిసీవర్ ప్రీ అవుట్ ఎన్ని వోల్టులు ఇవ్వగలదో కూడా అడగాలి. లేకపోతే కొన్న వాట్లు పూర్తిగా బయటకు రావు.

ఐదోది: వెనుక పట్టీ మీద కరెంటు వాడకం ఎంతని రాసి ఉంది? లోపలికి వెళ్లే కరెంటు కంటే ఎక్కువ శబ్దం బయటకు నిలకడగా రాదు. ఇది ప్రకృతి లెక్క, ఏ అమ్మకందారూ మార్చలేడు.

ఇంకొక్క మాట. "మన సంఘం హాల్లో మైకుసెట్టు యాంప్లిఫైయర్ ఉంది కదా, అదే ఇంట్లో పెట్టుకుంటే?" అని ఒకరు అడిగారు. హాళ్లలో వాడేవి సాధారణంగా 100 వోల్టుల లైను పద్ధతిలో, దూరంగా ఉన్న చాలా స్పీకర్లకు ఒకే గొంతును చేర్చడానికి చేసినవి. ఐదు చానళ్లను విడివిడిగా పలికించడం వాటి పని కాదు. ఇంటి స్పీకర్‌ను ఆ 100 వోల్టుల లైనుకు కలిపితే స్పీకర్ కాలిపోతుంది.

అమెరికా నుంచి తెప్పించుకునేవారికి

మన ఇళ్లలో ఇది ముఖ్యమైన విషయం. అబ్బాయో అమ్మాయో అక్కడ పండుగ తగ్గింపులో కొని తెస్తామంటారు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. వెనుక పట్టీ మీద 120 వోల్టులని మాత్రమే ఉన్నదాన్ని ఇక్కడి సాకెట్టులో పెడితే ఆ క్షణమే పోతుంది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా 50 హెర్ట్జ్ తేడా అలాగే ఉంటుంది. 60 హెర్ట్జ్‌కే చేసిన లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కుతుంది. పట్టీ మీద 100–240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని ఉంటేనే తీసుకోండి.

బరువు కూడా చూడాలి. క్లాస్ ఏ.బి. పద్ధతిలో చేసిన ఏడు చానళ్ల యాంప్లిఫైయర్ 25 కిలోలు దాటడం మామూలే. విమానంలో పెట్టె ఒక్కటి సాధారణంగా 23 కిలోలే. వారంటీ కూడా చాలా కంపెనీలు కొన్న దేశానికే పరిమితం చేస్తాయి. తగ్గింపులో మిగిలిన డబ్బు మొదటి రిపేరుకే పోవచ్చు.

చెన్నై ఇంటికి తగినట్టు

క్లాస్ ఏ.బి. వేడిగా, బరువుగా ఉంటుంది. క్లాస్ డి తేలికగా, చల్లగా ఉంటుంది, కరెంటు తక్కువ తింటుంది. ఒకప్పుడు క్లాస్ డి శబ్దం మీద ఫిర్యాదులు ఉండేవి. ఇప్పుడు మంచి కంపెనీలవి సంభాషణకు, సంగీతానికి దేనికీ తీసిపోవు. మే నెలలో ఏసీ లేని హాల్లో పెట్టేవాళ్లకు నేను క్లాస్ డి వైపే మొగ్గుతాను. ఏదైనా సరే, మూసిన షోకేసులో పెట్టకండి. పైన అరడుగు ఖాళీ వదలండి.

కరెంటు బిల్లు సంగతి. ఐదు చానళ్ల క్లాస్ ఏ.బి. యాంప్లిఫైయర్ ఏమీ పలకకుండా ఊరికే ఉన్నా 80 వాట్లు తింటుందనుకుందాం. రోజుకు నాలుగు గంటలైతే రెండు నెలల బిల్లుకు 19 యూనిట్లు. ఆపడం మరచి రాత్రింబగళ్లు ఉంచితే 115 యూనిట్లు. మన రాష్ట్రంలో ఉచితంగా వచ్చే యూనిట్లలో పెద్ద భాగం దానికే చెల్లు. రిసీవర్ ఆపగానే తానూ ఆగిపోయే 12 వోల్టుల ట్రిగ్గర్ ఉన్నది కొంటే ఈ బాధ ఉండదు. రిసీవర్‌లోనూ ఆ సాకెట్టు ఉండాలి.

పెద్ద యాంప్లిఫైయర్‌ను 16 ఆంప్స్ సాకెట్టుకే కలపండి. మామూలు 6 ఆంప్స్ సాకెట్టు 1,380 వాట్లకు మించి మోయదు, దానికే టీవీ, సెట్ టాప్ బాక్సు కూడా వేలాడుతుంటాయి. స్పీకర్లలో బుర్రుమని శబ్దం వస్తే కొందరు మెకానిక్కులు ఎర్త్ పిన్ను తీసేయమంటారు. ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి, ప్రాణాపాయం. ఆ శబ్దం చాలాసార్లు కేబుల్ టీవీ వైరు నుంచి వస్తుంది. దాన్ని ఒకసారి ఊడదీసి చూడండి.

గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నవాళ్లు యాంప్లిఫైయర్‌ను నేలమీద పెట్టకండి. 2015 డిసెంబరు వరదలు, 2023 డిసెంబరు మిచాంగ్ తుపాను చూసినవాళ్లకు కారణం చెప్పనక్కర్లేదు. రెండడుగుల ఎత్తు స్టాండు చాలా తక్కువ ఖర్చు. తిరువాన్మియూర్, బెసంట్ నగర్ లాంటి సముద్రపు గాలి తగిలే చోట్ల స్పీకర్ వైరు కొసలు నల్లబడతాయి. ఏడాదికోసారి కొసలు కత్తిరించి కొత్తగా బిగించండి.

ఇరుగుపొరుగు మాట కూడా ఉంది. శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45. కొత్త యాంప్లిఫైయర్ వచ్చిన ఉత్సాహంలో కింది ఇంటివాళ్లతో మాట పడవద్దు. ముఖ్యంగా సబ్‌వూఫర్ దడ గోడలు, శ్లాబులు దాటి వెళ్తుంది.

కొనకముందు, డబ్బు ఖర్చు లేకుండా

"మాటలు వినబడటం లేదు, అందుకే పెద్ద యాంప్లిఫైయర్ కావాలి" అనేవారే ఎక్కువ. వాళ్లకు నా సలహా ఇది. ముందు రిసీవర్ మెనూలో సెంటర్ స్పీకర్ లెవెల్ రెండు మూడు డెసిబెల్స్ పెంచండి. రాత్రిపూట డైనమిక్ రేంజ్ తగ్గించే మోడ్ పెట్టండి, మాటకూ పేలుడుకూ మధ్య తేడా తగ్గుతుంది. టీవీ కింద అరలో లోపలికి తోసి ఉన్న సెంటర్ స్పీకర్‌ను అంచుకు లాగి, మూతి మీ చెవుల వైపు కొంచెం ఎత్తండి. చాలా ఇళ్లలో ఇంతటితో సమస్య తీరుతుంది.

తీరలేదంటే రెండు కారణాలుండవచ్చు. సాధారణ స్థాయిలో బాగుండి, వాల్యూమ్ పెంచిన కొద్దీ గొంతులు కీచుమని, మాటలు సంగీతంలో కలిసిపోతుంటే యాంప్లిఫైయర్ శక్తి చాలడం లేదన్నమాట. అలలు పైకొసల్లో తెగిపోతున్నాయి. అలాగే కొనసాగిస్తే ట్వీటర్లు కూడా కాలిపోవచ్చు. ఇలాంటివారికి పవర్ యాంప్లిఫైయర్ నిజంగా ఉపయోగం.

రెండో కారణం మన చెవులు. అరవై దాటాక ముందుగా తగ్గేది సన్నని ధ్వనుల వినికిడి. "స", "శ", "త" లాంటి హల్లులను విడదీసి చెప్పేవి ఆ ధ్వనులే. అందుకే గొంతు వినిపిస్తుంది, మాట అర్థం కాదు. అప్పుడు వాట్లు ఎంత పెంచినా గోల పెరుగుతుంది తప్ప మాట తేటపడదు. ఇంట్లో పెద్దవారు సినిమా మధ్యలో లేచి లోపలికి వెళ్లిపోతుంటే, యాంప్లిఫైయర్ కొటేషన్ కంటే ముందు ఆడియాలజిస్టు దగ్గర ఒక పరీక్ష చేయించండి.

మాట వినబడడం గురించి ఇంతగా చెప్పడానికి మనకు ఇంకో కారణం ఉంది. మన మనవలు, మనవరాళ్లు బడిలో తమిళం, ఇంగ్లీషు వింటారు, వీధిలో తమిళం వింటారు. తెలుగు వినేది ఇంట్లోనే. సెలవు రోజు అందరం కూర్చుని చూసే సినిమాలో మాట సరిగా వినబడకపోతే వాళ్ల కళ్లు కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ మీదికి పోతాయి. ఎస్వీ రంగారావుగారి ఉచ్చారణ తేటగా వినబడితే వాటి అవసరం ఉండదు. తెలియని మాట వస్తే "తాతా, అదేమిటి?" అని మనల్నే అడుగుతారు.

కాబట్టి వరుస ఇది. ముందు సెట్టింగులు, తరువాత చెవి పరీక్ష, తరువాత మంచి సెంటర్ స్పీకర్, దాని తరువాత ముందు మూడు చానళ్లకు నిజాయితీగా వాట్లు రాసిన యాంప్లిఫైయర్. ఐదు, ఏడు, పదకొండు చానళ్ల సంగతి చివర. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి, వారంటీ కార్డు మీద ముద్ర వేయించుకోండి, చెన్నైలో సర్వీసు ఎక్కడో అడిగి రాసుకోండి. కొటేషన్ అర్థం కాకపోతే ఆదివారం సంఘానికి పట్టుకు రండి, కలిసి చదువుదాం.